ఫిలడెల్ఫియా ఖాతాలో సిరక్యూస్ కప్పు: 24 సెకన్ల గడియారంతో మారిన 1954–55 సీజన్

ఫిలడెల్ఫియా 76ర్స్ అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎన్నిసార్లు చాంపియన్ అయిందని వెతికితే మూడు సంవత్సరాలు కనిపిస్తాయి: 1955, 1967, 1983. మొదటిది చూసి చాలామంది తికమక పడతారు. 1955లో ఫిలడెల్ఫియాలో ఆడిన జట్టు వేరే, దాని పేరు వారియర్స్. ఆ ఏడాది కప్పు కొట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ అనే ఓ మోస్తరు పట్టణం జట్టు, సిరక్యూస్ నేషనల్స్. 1963లో ఆ జట్టు ఫిలడెల్ఫియాకు తరలిపోయి పేరు మార్చుకుంది. ఆటగాళ్లతో పాటు రికార్డులూ వెళ్లాయి.

ఈ టైటిల్ గురించి ఇప్పటికీ మాట్లాడుకోవడానికి కారణం ఊరు మారడం ఒక్కటే కాదు. బంతి దక్కిన జట్టు 24 సెకన్లలోపు షాట్ వేసి తీరాలనే షాట్ క్లాక్‌ను ఎన్‌బీఏలో మొదటిసారి వాడిన సీజన్ అదే. ఆ క్లాక్‌ను పట్టుబట్టి పెట్టించింది సిరక్యూస్ యజమానే.

సంక్షిప్తంగా

1954 వరకు ఎన్‌బీఏలో ముందంజలో ఉన్న జట్టు బంతిని ఎంతసేపైనా తన దగ్గరే ఉంచుకోవచ్చు. దాంతో మ్యాచ్‌ల చివరి భాగం ఫౌల్స్, ఫ్రీ త్రోలతోనే (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక పాయింట్ షాట్లు) గడిచిపోయేది. 24 సెకన్ల క్లాక్, దానితో పాటు వచ్చిన ఫౌల్ పరిమితి కలిసి ఈ రెండింటికీ అడ్డుకట్ట వేశాయి. ఒక్క సీజన్‌లోనే జట్టు సగటు స్కోరు 79.5 నుంచి 93.1కి పెరిగింది. అయితే క్లాక్ అంటే వేగం అని అనుకోవడం సగమే నిజం. ఆ సీజన్ గెలిచిన సిరక్యూస్ వేగంగా ఆడే జట్టు కాదు.

గడియారం లేని రోజులు

1950 నవంబర్ 22న మినియాపొలిస్‌లో జరిగిన ఒక మ్యాచ్ స్కోరు 19–18. అది ఒక క్వార్టర్ స్కోరు కాదు, మొత్తం మ్యాచ్‌ది. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ ఒక్క పాయింట్ తేడాతో లేకర్స్‌ను ఓడించింది. రెండు వైపులా కలిపి పడిన బాస్కెట్లు ఎనిమిది. లేకర్స్ వైపు పడిన నాలుగూ జార్జ్ మైకన్ వేసినవే, వాళ్ల 18 పాయింట్లలో 15 అతనివే. చివరి క్వార్టర్‌లో పిస్టన్స్ మూడు పాయింట్లు చేస్తే లేకర్స్ చేసింది ఒక్కటి.

పిస్టన్స్ చేసిన పనిలో తప్పేమీ లేదు. మైకన్ ఆరడుగుల పది అంగుళాల మనిషి, అప్పటి ఆటలో అతన్ని ఆపగలిగినవాళ్లు దాదాపు లేరు. బంతి అతని చేతికి వెళ్లకుండా ఉండాలంటే మన చేతిలోనే ఉంచుకోవాలి. రూల్ బుక్ అందుకు అడ్డు చెప్పలేదు. టికెట్ కొని వచ్చినవాళ్లు మాత్రం ఆటగాళ్లు బంతి పట్టుకుని నిలబడటం చూసి గోల చేశారు.

అయితే 19–18 లాంటి మ్యాచ్‌లు అరుదు. లీగ్‌కు అసలు జబ్బు ఇంతకన్నా సాధారణమైనది, రోజూ కనిపించేది. చివరి నిమిషాల్లో నాలుగైదు పాయింట్ల లీడ్ ఉన్న జట్టు తన మంచి డ్రిబ్లర్‌కు బంతి ఇచ్చి కాలం గడిపేది. వెనకబడిన జట్టుకు బంతి దక్కాలంటే ఫౌల్ చేయడం ఒక్కటే దారి. షాట్ వేయని ఆటగాడిని ఫౌల్ చేస్తే అప్పట్లో సాధారణంగా ఒక్క ఫ్రీ త్రోనే ఇచ్చేవారు. అంటే మహా అయితే ఒక పాయింట్ పోతుంది, ఆ వెంటనే రెండు పాయింట్లు చేసే అవకాశం వస్తుంది. లెక్క ప్రకారం ఫౌల్ చేయడమే లాభం. ఈ సంగతి అవతలి జట్టుకూ తెలుసు కాబట్టి అదీ తిరిగి ఫౌల్ చేసేది. ఆట కాస్తా ఫ్రీ త్రో గీత దగ్గర క్యూలా తయారైంది.

దీని దెబ్బ సిరక్యూస్‌కు బాగానే తగిలింది. 1953 మార్చి 21న ప్లేఆఫ్స్‌లో బోస్టన్ సెల్టిక్స్‌తో మ్యాచ్ నాలుగు ఓవర్‌టైమ్‌లు సాగింది, చివరికి బోస్టన్ 111–105తో గెలిచింది. బోస్టన్ ఆటగాడు బాబ్ కూజీ 50 పాయింట్లు చేశాడు. అందులో 30 ఫ్రీ త్రోలతోనే వచ్చాయి. బంతిని చేతిలో ఉంచుకుని తిరగడంలో కూజీని మించినవాడు లేడు కాబట్టి, అతన్ని ఫౌల్ చేయడం తప్ప మిగిలిన దారి లేకపోయింది.

చివరి నిమిషాల్లో ఫ్రీ త్రో తర్వాత జంప్ బాల్ వేయడం (బంతిని పైకి విసిరి ఇరు జట్ల ఆటగాళ్లను అందుకోమనడం) లాంటి చిట్కాలు లీగ్ అంతకుముందే ప్రయత్నించింది. ఏదీ నిలవలేదు. అవన్నీ ఫౌల్‌ను ఆపాలని చూసినవే. ఫౌల్‌కు కారణమైన బంతి దాచుకోవడాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

2,880ని 120తో భాగిస్తే

డానీ బియాసోన్ ఇటలీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. సిరక్యూస్‌లో బౌలింగ్ సెంటర్ నడిపేవాడు. 1946లో 5,000 డాలర్లతో జట్టును తెచ్చుకున్నాడు. న్యూయార్క్, బోస్టన్ యజమానుల్లాగా అతనికి పెద్ద స్టేడియాలు లేవు. జనం రాకపోతే ముందుగా మునిగేది తనలాంటివాళ్లేనని అతనికి తెలుసు.

షాట్‌కు సమయం పెట్టాలన్న ఆలోచన అతనితోనే మొదలవలేదు. కాలేజీ కోచ్ హోవర్డ్ హాబ్సన్ లాంటివాళ్లు అంతకుముందే ఆ మాట అన్నారు. సిరక్యూస్‌లో జరిగింది దానికి ఒక అంకె తేల్చడం. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. చూడబుద్ధేసే మ్యాచ్‌లో ఒక్కో జట్టు 60 షాట్లు, మొత్తం 120 షాట్లు వేస్తుందని అనుకున్నారు. 2,880ని 120తో భాగిస్తే 24. ఈ భాగహారం బియాసోన్ చేశాడా, జనరల్ మేనేజర్ లియో ఫెర్రిస్ చేశాడా అన్న వాదన ఇంకా ఉంది. పేరు ఎక్కువగా యజమానికే దక్కింది.

1954 ఆగస్టు 10న సిరక్యూస్‌లోని బ్లాడ్జెట్ ఒకేషనల్ హైస్కూల్ జిమ్‌లో మిగతా యజమానులను కూర్చోబెట్టి ఒక ప్రాక్టీస్ మ్యాచ్ ఆడించారు. మొదట ఆటగాళ్లు కంగారుపడి ఒకటి రెండు పాస్‌లకే బంతిని బాస్కెట్ వైపు విసిరేశారు. కాసేపటికి 24 సెకన్లు చాలా ఎక్కువ సమయమని వాళ్లకే అర్థమైంది. సిరక్యూస్ ఆటగాడు డాల్ఫ్ షేయ్స్ తర్వాతి కాలంలో ఈ సంగతి చెప్పేవాడు. యజమానులు ఒప్పుకున్నారు. 1954 అక్టోబర్ 30న రోచెస్టర్ రాయల్స్ 98–95తో బోస్టన్‌ను ఓడించిన మ్యాచ్‌తో క్లాక్ అధికారికంగా మొదలైంది.

లెక్కలో దాగిన సంగతి

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 24 అంకెకు ఆధారం జట్టుకు 60 షాట్లు. కానీ క్లాక్ లేని చివరి సీజన్ 1953–54లోనే ఒక్కో జట్టు సగటున 75కు పైగా షాట్లు వేసింది. ఇద్దరివీ కలిపితే 150. అంటే సగటున 19 సెకన్లకు ఒక షాట్ అప్పటికే పడుతోంది. ఫ్రీ త్రోలతో, పోగొట్టుకున్న బంతులతో ముగిసిన దాడులను కూడా కలిపితే ఇంకా తక్కువ.

అలాంటప్పుడు 24 సెకన్ల హద్దు ఆటను ఎలా వేగవంతం చేసింది? మామూలు దాడికి ఆ హద్దు అడ్డే కాదు. అది కోసేసింది తోకను మాత్రమే: నిమిషం, రెండు నిమిషాలు సాగే దాడులను. ఆ పొడవాటి దాడులు ఎక్కువగా వచ్చేది చివరి క్వార్టర్‌లో, లీడ్ ఉన్న జట్టు చేతిలో. లీడ్‌ను దాచుకునే చోటు పోయింది కాబట్టి, దాన్ని కాపాడుకోవాలంటే మళ్లీ బాస్కెట్ వేయాల్సిందే. అవతలివాళ్లకు కూడా ఓపిక పడితే బంతి దానంతటదే వస్తుంది కాబట్టి ఫౌల్ చేయాల్సిన తొందర తగ్గింది.

ఫలితం అంకెల్లో కనబడుతుంది. 1954–55లో జట్టు సగటు షాట్లు 75 నుంచి 86కు చేరాయి. స్కోరు దాదాపు 17 శాతం పెరిగింది. తొందరపెడితే గురి తప్పుతుందని భయపడినవాళ్లు ఉన్నారు. జరిగింది వేరు, బాస్కెట్ల శాతం 37.2 నుంచి 38.5కు కొద్దిగా పెరిగింది.

క్లాక్ వచ్చిన కథ చెప్పేటప్పుడు చాలామంది వదిలేసేది రెండో రూల్. అదే సీజన్ నుంచి ఒక్కో క్వార్టర్‌లో ఒక జట్టు చేసే ఫౌల్స్‌కు ఆరు అనే పరిమితి పెట్టారు. అది దాటితే ప్రతి ఫౌల్‌కూ ప్రత్యర్థికి అదనంగా ఒక ఫ్రీ త్రో. ఒక పాయింట్ ఇచ్చి రెండుకు ప్రయత్నించే పాత బేరం దీనితో గిట్టుబాటు కాకుండా పోయింది. క్లాక్ ఒక్కటే వచ్చి ఉంటే, 24 సెకన్లు ఎందుకు ఆగాలని వెనకబడిన జట్టు ఫౌల్ చేస్తూనే ఉండేది. ఫౌల్ పరిమితి ఒక్కటే వచ్చి ఉంటే, లీడ్ ఉన్న జట్టు బంతి మీద నిశ్చింతగా కూర్చునేది. రెండూ కలిసి వచ్చాయి కాబట్టే పని జరిగింది. మెచ్చుకోవాల్సింది 24 అన్న అంకెను కాదు, ఈ జతను.

వేగం బోస్టన్‌ది, కప్పు సిరక్యూస్‌ది

కొత్త రూల్‌ను అందరికన్నా ముందు సొమ్ము చేసుకోవాల్సింది వేగంగా ఆడే జట్టు. కూజీ ఉన్న బోస్టన్ ఆ సీజన్‌లో సగటున 101.4 పాయింట్లు చేసింది. ఎన్‌బీఏలో సగటు వంద దాటిన మొదటి జట్టు అదే. కానీ గెలిచింది 36, ఓడింది 36. ఎంత చేసిందో అంతే ఇచ్చుకుంది.

సిరక్యూస్ సగటు 91 దగ్గరే ఆగింది, లీగ్ సగటు కన్నా తక్కువ. దాని బలం డిఫెన్స్. ఆ ఏడాది లీగ్‌లో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు అదే. కోచ్ అల్ సెర్వీ ఆటగాడిగా ఉన్నప్పుడే మొండి డిఫెండర్‌గా పేరున్నవాడు, జట్టునూ అలాగే తయారు చేశాడు. షాట్ క్లాక్ దాడి చేసేవాళ్లను పరుగెత్తిస్తుందని అందరూ చూస్తారు. డిఫెండర్లకు అది ఇచ్చే బలాన్ని తక్కువమంది గమనిస్తారు. ప్రో కబడ్డీలో డూ ఆర్ డై రెయిడ్ చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఖాళీగా తిరిగి వెళ్లే వీలు రెయిడర్‌కు లేనప్పుడు డిఫెన్స్‌కు ధైర్యం వస్తుంది, అతను తన దగ్గరికి రాక తప్పదని తెలుసు కాబట్టి. 24 సెకన్లు గట్టిగా నిలబడితే చాలు, బంతి మనదే అన్న హామీ బాస్కెట్‌బాల్ డిఫెండర్లకు మొదటిసారి దొరికింది ఆ ఏడాదే.

జట్టులో అసలు స్టార్ షేయ్స్. సగటున 18.5 పాయింట్లు, పన్నెండుకు పైగా రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం). బంతిని బాగా ఎత్తుగా వేసే సెట్ షాట్ అతని గుర్తు. అంతకుముందు కుడి మణికట్టు విరిగి కట్టు కట్టినప్పుడు ఎడమ చేత్తో వేయడం నేర్చుకున్నాడు, తర్వాత రెండు చేతులా ఆడాడు. పాల్ సీమోర్, జార్జ్ కింగ్ గార్డులు. రెడ్ రోచా, అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన జానీ కెర్ లోపల ఆడేవాళ్లు.

ఫార్వర్డ్ ఎర్ల్ లాయిడ్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1950 అక్టోబర్ 31న వాషింగ్టన్ జట్టు తరఫున బరిలోకి దిగి ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అయ్యాడు. అవతలి జట్టు పెద్ద స్కోరర్‌ను అంటిపెట్టుకుని ఉండటం సిరక్యూస్‌లో అతని పని. ఆ సీజన్‌లో అతనూ, కొత్తగా వచ్చిన జిమ్ టక్కర్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాళ్లయ్యారు. టక్కర్ 1955 ఫిబ్రవరిలో 17 నిమిషాల్లోనే ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు మూడూ రెండంకెలు) చేశాడు. 2018లో నికోలా యోకిచ్ చెరిపేసేదాకా ఆ రికార్డు నిలిచింది.

సిరక్యూస్‌కు కాలం కూడా కలిసొచ్చింది. 1950లోనూ, 1954లోనూ ఫైనల్‌లో దాన్ని ఓడించింది మైకన్ ఉన్న లేకర్సే. 1954–55 సీజన్ మొదలయ్యే ముందు మైకన్ ఆట మానేశాడు. క్లాక్ లేకపోయినా ఆ ఏడాది కొత్త చాంపియన్ వచ్చే అవకాశం గట్టిగానే ఉండేది. సిరక్యూస్ గెలుపు మొత్తాన్నీ గడియారానికే కట్టబెట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

రెగ్యులర్ సీజన్‌లో సిరక్యూస్ 43 గెలిచి 29 ఓడి ఈస్ట్ డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. వెస్ట్ డివిజన్‌లో మొదటి స్థానం ఫోర్ట్ వేన్‌ది. దాని లెక్క కూడా సరిగ్గా 43–29.

సొంత ఊళ్లో ఆడలేని ఫైనలిస్టు

పిస్టన్స్ యజమాని ఫ్రెడ్ జోల్నర్ ఇంజిన్ పిస్టన్ల ఫ్యాక్టరీ ఓనర్, జట్టు పేరు అక్కడి నుంచే వచ్చింది. కోచ్ చార్లీ ఎక్‌మన్ అంతకుముందు రిఫరీ. జట్టు ఫైనల్‌కు చేరేసరికి ఊళ్లో కోర్టు లేదు. ఫోర్ట్ వేన్ కోలిసియంను బౌలింగ్ టోర్నమెంట్‌కు ముందే ఇచ్చేశారు. తమ జట్టు అంతదూరం వస్తుందని ఎవరూ లెక్కలో పెట్టుకోలేదు. పిస్టన్స్ తన హోమ్ మ్యాచ్‌లను దాదాపు 190 కిలోమీటర్ల దూరంలోని ఇండియానాపొలిస్‌లో ఆడింది. అప్పటి ఎన్‌బీఏ స్థాయి ఏమిటో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు. చాంపియన్‌షిప్ ఫైనల్‌కు హాల్ ఖాళీ చేయించే శక్తి కూడా లీగ్‌కు లేదు.

అయినా ఫైనల్ సిరీస్‌లోని ఏడు మ్యాచ్‌లలోనూ హోమ్ జట్టే గెలిచింది. సిరక్యూస్ మొదటి రెండు 86–82, 87–84తో గెలిస్తే, పిస్టన్స్ ఇండియానాపొలిస్‌లో మూడూ 96–89, 109–102, 74–71తో గెలిచింది. తిరిగి సిరక్యూస్‌కు వచ్చాక ఆరో మ్యాచ్ 109–104తో నేషనల్స్‌కు దక్కింది. రెండు రోజుల తేడాలో ఆడే అవే రెండు జట్లు ఒకసారి 109 చేస్తాయి, ఇంకోసారి 74 దగ్గర ఆగిపోతాయి. క్లాక్ షాట్ వేయించగలదు, బాస్కెట్‌లో పడేలా చేయలేదు.

ఏప్రిల్ 10, ఈస్టర్ ఆదివారం

ఏడో మ్యాచ్ సిరక్యూస్‌లోని ఒనొండాగా వార్ మెమోరియల్‌లో జరిగింది. రెండో క్వార్టర్‌లో పిస్టన్స్ 41–24తో 17 పాయింట్లు ముందుంది. నాలుగున్నరేళ్ల కిందట లేకర్స్‌పై బంతి దాచుకుని నెగ్గింది ఈ జట్టే. అప్పుడు చివరి సెకన్లలో గెలుపు బాస్కెట్ వేసిన లారీ ఫౌస్ట్ ఈ మ్యాచ్‌లోనూ కోర్టులో ఉన్నాడు. పాత రూల్స్ ఉంటే ఆ లీడ్‌ను ఎలా కాపాడుకోవాలో ఫోర్ట్ వేన్‌కు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఇప్పుడు ప్రతి 24 సెకన్లకూ షాట్ వేయక తప్పదు. వేసిన ప్రతి షాట్‌తోనూ బంతి సిరక్యూస్ చేతికి వచ్చే అవకాశం ఉంది. లీడ్ మెల్లగా కరిగింది.

చివరికి స్కోరు 91–91. పన్నెండు సెకన్లు మిగిలి ఉండగా జార్జ్ కింగ్ ఒక ఫ్రీ త్రో వేసి సిరక్యూస్‌ను ఒక పాయింట్ ముందుకు తెచ్చాడు. పిస్టన్స్‌కు బంతి దొరికింది. ఆండీ ఫిలిప్ డ్రిబుల్ చేస్తూ ముందుకు వస్తుండగా అదే కింగ్ బంతి లాగేసుకున్నాడు. చివరి షాట్ పడనే లేదు. 92–91.

క్లాక్ పెట్టించిన యజమానికే ఆ క్లాక్ కప్పు తెచ్చిపెట్టిందన్న కథ అప్పటి నుంచి నడుస్తోంది. కొంతవరకు నిజమే. కానీ రెండో క్వార్టర్ నుంచే పిస్టన్స్ బంతి దాచుకునేదని ఖాయంగా చెప్పలేం. గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: పాత రూల్స్‌లో 17 పాయింట్ల లీడ్‌ను దాచుకోవచ్చు, ఈసారి ఆట చివరి సెకన్లదాకా తేలలేదు. బియాసోన్‌కు అమ్మకానికి కావలసింది కూడా అదే.

లీగ్ బతికింది, ఊరు మిగల్లేదు

క్లాక్ లేకపోతే ఎన్‌బీఏ మునిగిపోయేదా? 1949–50లో 17 జట్లతో నడిచిన లీగ్ ఐదేళ్లకు సగానికి పడిపోయింది. 1954 నవంబర్ 27న బాల్టిమోర్ బుల్లెట్స్ సీజన్ మధ్యలోనే మూతపడింది. అది ఆడిన మ్యాచ్‌లన్నింటినీ రికార్డుల నుంచి కొట్టేశారు. మిగిలినవి ఎనిమిది. క్లాక్ వచ్చిన సీజన్‌లోనే ఒక జట్టు పోయిందంటే ఆట బాగుపడగానే డబ్బు రాలేదని అర్థం. అప్పటి లీగ్ ప్రెసిడెంట్ మారిస్ పొడొలాఫ్ మాత్రం ఎన్‌బీఏలో జరిగిన అతి ముఖ్యమైన సంఘటన ఈ క్లాక్ రావడమేనని అనేవాడు.

చిన్న ఊళ్ల సమస్య వేరు. జట్లకు ప్రధాన ఆదాయం టికెట్లు, టీవీ డబ్బు ఇంకా అంతంతమాత్రం. 1950లో సిరక్యూస్ జనాభా సుమారు 2.2 లక్షలు, ఫోర్ట్ వేన్‌ది 1.33 లక్షలు. ఆట ఎంత బాగున్నా అమ్మగలిగే సీట్లకు ఒక హద్దు ఉంటుంది. ఆట బాగుపడేకొద్దీ పెద్ద నగరాలు ముందుకొచ్చాయి, జీతాలు పెరిగాయి, చిన్న ఊళ్లు తట్టుకోలేకపోయాయి. క్లాక్ లీగ్‌ను నిలబెట్టిన తీరే సిరక్యూస్ లాంటి ఊళ్లను పక్కకు నెట్టిందనడం అతిశయోక్తి కాదు.

మిల్వాకీ 1955లో సెయింట్ లూయిస్‌కు, ఫోర్ట్ వేన్ 1957లో డెట్రాయిట్‌కు, అదే ఏడాది రోచెస్టర్ సిన్సినాటికి, మినియాపొలిస్ 1960లో లాస్ ఏంజలస్‌కు వెళ్లాయి. 1962లో ఫిలడెల్ఫియా వారియర్స్ శాన్ ఫ్రాన్సిస్కోకు తరలిపోయి ఒక పెద్ద నగరం ఖాళీ అయింది. మరుసటి ఏడాది సిరక్యూస్ ఆ ఖాళీలోకి వెళ్లింది. 1955లో ఉన్న ఎనిమిది జట్లలో ఊరు మారనివి బోస్టన్, న్యూయార్క్ మాత్రమే.

మిగతా ఆటస్థలాలకు చేరిన దారి

ఎన్‌బీఏ స్కోర్లు ఆ తర్వాత కూడా పెరుగుతూ పోయాయి. 1961–62లో జట్టు సగటు 118.8. ఆ సీజన్‌లోనే విల్ట్ చాంబర్లేన్ ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా 1956లో 30 సెకన్లతో మొదలుపెట్టి 2000లో 24కు వచ్చింది. మన దేశంలో ఆడేదీ ఫీబా రూల్స్ ప్రకారమే.

బాగా ఆలస్యం చేసింది అమెరికా పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్. 1982లో నార్త్ కరొలైనా, వర్జీనియా జట్ల మధ్య ఏసీసీ అనే కాలేజీ లీగ్ ఫైనల్ 47–45తో ముగిసింది. మైకల్ జోర్డన్ లాంటి ఆటగాడు కోర్టులో ఉండగా, లీడ్ ఉన్న నార్త్ కరొలైనా నిమిషాల తరబడి బంతిని అటూ ఇటూ పాస్ చేస్తూ కూర్చుంది. 1950లో మినియాపొలిస్ జనం చూసిన ఆటే అది, ఈసారి దేశమంతా టీవీలో చూసింది. కాలేజీలు 1985లో 45 సెకన్లు, 1993లో 35, 2015లో 30 చేశాయి. ఎన్‌బీఏలో 24 మారలేదు. 2018 నుంచి మాత్రం, తప్పిన షాట్‌ను దాడి చేసిన జట్టే మళ్లీ అందుకుంటే క్లాక్‌ను 14కే తిప్పుతున్నారు.